నలభై రెండు సెకన్ల డిప్యూటీ మేనేజరు

రాష్ట్ర గోదాములు మరియు గోనెసంచుల సంస్థకి సంగీతం మీద ప్రేమ పుట్టేనాటికి శాంతిరాజు రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది. విజయనగరంలో ఆ సంస్థ జోనల్ ఆఫీసులో చిరిగిన సంచుల సెక్షను అతనిది. ముప్ఫై ఏళ్లుగా జూనియర్ అసిస్టెంటు. మధ్యలో రెండుసార్లు ప్రమోషను వచ్చినట్టే వచ్చింది గానీ, మొదటిసారి ఫైలు వానకి తడిసింది, రెండోసారికి అది ఇంకా ఆరలేదు.

ప్రేమ ఎలా పుట్టిందంటే, సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారు ఎక్కడో కొండమీది రిసార్టులో మూడురోజుల నాయకత్వ శిక్షణకి వెళ్లారు. అక్కడ ఒక నిపుణుడు అధికారులందరి చేతికీ చిడతలిచ్చి గంటసేపు వాయింపించి, "చూశారా, సంస్థంటే ఇదీ" అన్నాడట. ఎండీ గారు కదిలిపోయారు. ఆయన కొండ దిగేలోపే సర్క్యులరు దిగింది.

"సంస్థలో శ్రుతి లోపించుటచే ఉత్పాదకత లోపించుచున్నట్లు గమనించడమైనది. కావున ప్రతి జోనల్ కార్యాలయము ముప్పది దినములలోగా ఒక వాద్యబృందమును నెలకొల్పి, తద్ద్వారా సామరస్యము సాధించి, సాధించినట్లు నిర్ణీత నమూనాలో నివేదిక పంపవలెను."

విజయనగరం జోను ఇరవై తొమ్మిది రోజుల్లో సాధించింది. బృందానికి 'గోనెగీతిక' అని పేరు పెట్టారు. పాడటం పరిపాలనాధికారి విశ్వపతి గారి వంతు. ఆయన గొంతు ఎలాంటిదని ఎవరూ విచారించలేదు. జోన్లో ఆయనకి మించిన అధికారి లేడు, అంతకి మించిన అర్హత పాటకి అక్కర్లేదు. స్టెనో అరుంధతి టైపు పరీక్ష హయ్యరు పాసైంది కనక ఆవిడకి కీబోర్డు ఇచ్చారు. డ్రమ్ములు లారీ డ్రైవరు సూరప్పడివి. ఇతను మాత్రం నిజంగానే వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవార్ల పండగలకి ఇతని మోత మూడు పొలాల అవతలికి వినపడేది.

శాంతిరాజు చేతిలో గిటారు కూడా అతని సొంతమే. భీమిలి చర్చిలో పద్దెనిమిదేళ్ల వయసులో పట్టుకున్నాడు, మరి వదల్లేదు. అయితే ఆ రకం గిటారుకి పొట్ట ఉండదు, చెక్కపలక ఒక్కటే. కరెంటు పెట్టెకి తగిలిస్తే తప్ప దాని మాట పక్కనున్న మనిషికి కూడా చేరదు. ఆ పెట్టెని యాంపు అంటారు. సంస్థవారు కొనిచ్చిన యాంపు పదిహేను వాట్లది, పసిపిల్లల పాలడబ్బా కంటే కాస్త పెద్దది.

మొదటి ప్రదర్శన సంస్థ వార్షికోత్సవంలో జరిగింది. శాంతిరాజు వాల్యూమ్ మీట మూడు దగ్గర పెట్టాడు. తీగ తేటగా, చన్నీళ్లలా పలికింది. అంతలో సూరప్పడు కర్రలెత్తాడు. ఆ తర్వాత తను వాయిస్తున్నాడో లేదో శాంతిరాజుకే తెలియలేదు. మీట అయిదుకి తిప్పాడు. ఎనిమిదికి తిప్పాడు. అప్పుడు వినపడింది గానీ అది గిటారు కాదు, ఇనప మూకుడులో గరిటె గీకుతున్నట్టుంది. ముందు వరసలో కూర్చున్న ఎండీ గారు వాసన ఏదైనా వస్తోందా అని పక్కకి చూశారు. శాంతిరాజు మళ్లీ మూడుకి దింపేసి, పాట అయ్యేదాకా చేతులు ఆడించాడు.

భార్య సలోమి అయిదో వరసలో కూర్చుంది. ఆవిడ ఇరవై రెండేళ్లు నారమిల్లులో మగ్గాల దగ్గర పనిచేసింది. ఆ మోతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ఉంది. ఇంటికెళ్తూ దారిలో అడిగాడు.

"ఎలాగుంది?"

"బాగా కనిపించినారు," అంది సలోమి.

అబద్ధం చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

మర్నాడు గోదాము ముందు లారీ నీడలో సూరప్పడి దగ్గర కూర్చుని శాంతిరాజు గోడు చెప్పుకున్నాడు. సూరప్పడు శ్రద్ధగా విన్నాడు.

"నాను మెల్లగా కొట్టాలంటావా శాంతన్నా?"

"నువ్వు సరిగ్గానే కొడుతున్నావు. పెట్టెకే సత్తా లేదు. సత్తాకి మించి అరిపిస్తే గొంతు పగిలిపోతోంది."

"అయితే ఇది బండి కతే," అన్నాడు సూరప్పడు. "సిన్న ఇంజనుకి నిండా లోడెట్టి అరకు గాటీ ఎక్కించినావనుకో, పొగ కక్కుతాది, మొత్తుకుంటాది, ఎక్కదు. పెద్ద ఇంజనైతే మూలగకుండా ఎక్కుతాది. నీకు పెద్ద ఇంజను గావాల."

ఇంత తేలిగ్గా అర్థమయ్యే విషయం ఆఫీసుకి అర్థం కాకుండా పోదని శాంతిరాజు అనుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఆ ఆఫీసులోనే పనిచేసిన మనిషి అలా అనుకోవడం కొంచెం విచిత్రమే. అర్జీ రాశాడు: "ప్రస్తుతమున్న పెట్టె నుండి, డ్రమ్ములతో కలిపి వాయించినప్పుడు వినబడునంత శుభ్రమైన ధ్వని వచ్చుట లేదు. కావున పెద్ద పెట్టె ఇప్పించ ప్రార్థన."

నాలుగో రోజు విశ్వపతి గారు పిలిపించారు. ఆయన ముందు ఆ అర్జీ ఉంది. 'శుభ్రమైన' అన్న మాట కింద ఎర్ర గీత ఉంది.

"శాంతిరాజు గారూ, సంస్థ ఇచ్చిన పెట్టెలోంచి అశుభ్రమైన ధ్వని వస్తోందని మీ ఆరోపణా?"

"ఆరోపణ కాదండి. మూడు దగ్గర పెడితే చక్కగా ఉంటుందండి, కానీ వినపడదు. ఎనిమిది దగ్గర పెడితే వినపడుతుందండి, కానీ గరగరలాడుతుంది."

"ఎనిమిది దగ్గర పెట్టమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి పెట్టారు."

"డ్రమ్ములు మొదలవగానే, అండీ..."

"ఎవరి ఉత్తర్వూ లేకుండా మూడు నుంచి ఎనిమిది దాకా వెళ్లారు. సరే, అది వేరే ఫైలు. ప్రస్తుతం శుభ్రత సంగతి చూద్దాం."

చూడటానికి శబ్ద పరిశుభ్రతా పరిశీలక సంఘం ఏర్పడింది. విశ్వపతి గారు అధ్యక్షులు, అరుంధతి కార్యదర్శి. శుభ్రతకి సంబంధించిన వ్యవహారం కనక బిల్డింగు పారిశుద్ధ్యం సూపర్‌వైజరుని సాంకేతిక సభ్యుడిగా వేశారు. ఆయన వచ్చి పెట్టెని నాలుగు వైపులా తిప్పి చూసి, ఫినాయిలు గుడ్డతో బాగా తుడిచి, "ఇప్పుడు వాయించండి" అన్నాడు. శాంతిరాజు ఎనిమిది దగ్గర పెట్టి వాయించాడు. "లోపల కూడా తుడవాలి," అని సాంకేతిక సభ్యుడు అభిప్రాయం రాశాడు.

సంఘం రెండో సమావేశంలో విశ్వపతి గారికి అసలు లోపం తట్టింది.

"ఫ్యాను ఎవరికి, ఏసీ ఎవరికి అనేదానికి మనకి పట్టిక ఉంది. కుర్చీకి చేతులుండాలా అక్కర్లేదా అన్నదానికి పట్టిక ఉంది. వాట్లకి మాత్రం లేదు. హోదాతో నిమిత్తం లేకుండా ఎవడుపడితే వాడు ఎంత ధ్వనిపడితే అంత చేస్తున్నాడు. ఇది సంస్థా, సంతా?"

వారం తిరిగేసరికి పట్టిక వచ్చింది. అటెండరుకి అయిదు వాట్లు. జూనియర్ అసిస్టెంటుకి పదిహేను. సూపరింటెండెంటుకి నలభై. డిప్యూటీ మేనేజరుకి వంద. పరిపాలనాధికారికి నాలుగు వందలు. ఎండీ గారి గడిలో "వారు కోరినంత" అని ఉంది. సూరప్పడు కరెంటు వాడడు కనక అతని వాట్లు సున్నా. ఆ పట్టిక ప్రకారం జోను మొత్తం మీద నిశ్శబ్దమైన ఉద్యోగి అతనే.

శాంతిరాజు ఫైలు మీద చివరి మాట ఇలా ఉంది: "ఉద్యోగి తన హోదాకు అర్హమైన పదిహేను వాట్లను ఇదివరకే సంపూర్ణముగా అనుభవించుచున్నాడు. కావున కోరినది మంజూరైనట్లు భావించడమైనది."

"మంజూరైందంట గదా, శుభం," అంది క్యాంటీనులో ఒకావిడ. శాంతిరాజు తలూపాడు.

అయినా ఊరుకోలేదు. వినపడటం లేదండీ అని ఇంకో అర్జీ పెట్టాడు. ఈసారి సంఘం అతని కష్టాన్ని సానుభూతితో పరిశీలించింది. ఒకరి ధ్వని పెంచాలంటే పట్టిక సవరించాలి, పట్టిక సవరించాలంటే బోర్డు కూర్చోవాలి. మిగతావాళ్ల ధ్వని తగ్గించాలంటే గోనెసంచులు చాలు. సంస్థలో సంచులకి లోటు లేదు. డ్రమ్ముకి మూడేసి సంచులు చొప్పున కప్పి పురికొసతో బిగించి కట్టారు. సూరప్పడు కర్రతో కొడితే, ఎదురింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినపడింది.

"ఏటి బాబూ ఇది," అన్నాడు సూరప్పడు అధికారి వైపు చూసి. "ఇయి డ్రమ్ములా, ఉల్లిపాయల బస్తాలా?"

"సూరప్పడూ, సామరస్యం కోసం అందరూ త్యాగం చేయాలి," అన్నారు విశ్వపతి గారు, తన నాలుగు వందల వాట్ల మైకులో.

అరుంధతి కీబోర్డు మీద దుప్పటి పరిచారు. ఆవిడ వేళ్లు దుప్పటి కింద ఎక్కడున్నాయో ఆవిడకే తెలిసేది కాదు. ఇక మిగిలింది విశ్వపతి గారి గొంతు. దాన్ని తగ్గించే ప్రస్తావన సంఘంలో రాలేదు. అధికారికి అర్హమైన ధ్వనిని తగ్గిస్తే పదవిని తగ్గించినట్టవుతుందని అందరికీ తెలుసు. కాబట్టి గిటారు ఇంకా వినపడలేదు.

అప్పుడు వినికిడి పరీక్ష పెట్టారు. సంఘ సభ్యులు ఒక్కొక్కరే వేదిక మీదికొచ్చి గొంతుక్కూర్చుని పెట్టెకి చెవి ఆనించి, తలూపి, రిజిస్టరులో సంతకం చేశారు. "గిటారు వాదనమును స్వయముగా విన్నాము" అని ధ్రువపత్రం తయారైంది. ఇకమీదట గిటారు వినపడలేదని ఎవరన్నా ధ్రువపత్రానికి విరుద్ధంగా మాట్లాడినట్టే.

శాంతిరాజు దాని నకలు ఇంటికి తీసుకెళ్లి సలోమికి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివి తిరిగిచ్చేసింది.

"అందరూ ఇన్నారు గదా మరి. నా పేరొక్కటే నేదు ఇందులో."

అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఎటో పోయింది. ఏడాదికేడాదికి ఆవిడ కుడిచెవి కూడా సన్నగిల్లుతోందని ఆసుపత్రిలో చెప్పారు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. ఆ మాట ఇద్దరూ విన్నారు, ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

అటువంటి సమయంలో విశాఖపట్నంలో సంస్థల మధ్య సంగీత పోటీలు ప్రకటించారు. షీల్డు తప్పకుండా రావాలని ఎండీ గారు ఫోను చేశారు. పోటీ నిబంధనల్లో ఒకటి గోనెగీతికని ఇరకాటంలో పెట్టింది: ప్రతి పాటకీ ముందు, ఒక వాద్యం ప్రధానంగా, బృందంలోని వారే సొంతంగా కట్టిన కొన్ని వరసలు ఉండాలి. పరుపు దులుపుడుతో అది కుదరదు. దుప్పటి కింద కీబోర్డుతోనూ కుదరదు. కట్టగలిగిన వాడు ఒక్కడే.

శాంతిరాజు పదిరోజుల్లో ఎనిమిది వరసలు కట్టాడు. నారమిల్లు షిఫ్టు దిగాక గేటులోంచి ఆడవాళ్లు గుంపుగా బయటికి రావడం, జుట్టులో నారపీచు దులుపుకోవడం, మోత నుంచి బయటపడ్డారు కనక ఒకరితో ఒకరు అవసరం లేకపోయినా గట్టిగా మాట్లాడుకోవడం, వాళ్లలో ఒకమ్మాయి మాత్రం మాట్లాడకుండా సైకిలు దగ్గర నిలబడ్డ తనవైపు చూడటం, ఇదంతా ఆ వరసల్లో ఉంది. ఉందని అతను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు పెట్టె ఇంటికి తేవాలంటే గేటు పాసు కావాలి, గేటు పాసుకి కారణం రాయాలి. కాబట్టి ఇంట్లో వట్టి చెక్కపలక మీదే సాధన చేసేవాడు. సలోమి కుడివైపు దగ్గరగా కూర్చునేది.

"ఏటో దోమలాగ అంటంది," అనేది కాసేపటికి. "కట్టండి, కట్టండి. పెద్దది దొరికినప్పుడు ఇంటాను."

ఉపాయం సూరప్పడే చెప్పాడు. చిన్న పెట్టె ముందు ఒక మైకు పెట్టి, దాన్ని విశ్వపతి గారి పెద్ద స్పీకర్లకి తగిలిస్తే చాలు, మీట మూడు మీదే ఉంచి ఊరంతా వినిపించొచ్చు. పండగల్లో సన్నాయికి అందరూ చేసేదదే. శాంతిరాజు వెళ్లి చెప్పాడు. విశ్వపతి గారు ఉదాహరణతో వివరించారు.

"మీరు టూరు వెళ్తారు. మీకు రెండో తరగతి అర్హత. రైల్లో మొదటి తరగతి పెట్టె ఖాళీగా ఉంది. ఎక్కి కూర్చుంటారా?"

"కూర్చోనండి."

"ఇదీ అంతే. అధికారి స్పీకర్లో మీ ధ్వని ప్రయాణం చేయడానికి నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు. కానీ రేపు అటెండరు వచ్చి దగ్గుతానంటే ఏమని ఆపను?"

పోటీకి పదిరోజులు ఉందనగా కబురొచ్చింది. విశాఖ హాల్లో నిర్వాహకులే అన్ని బృందాలకీ వంద వాట్ల యాంపు ఒకటి వేదిక మీద పెడుతున్నారట. శాంతిరాజుకి ఆ మాట విని రెండు రోజులు అన్నం సయించలేదు, సంతోషంతోనే. కానీ వంద వాట్లు డిప్యూటీ మేనేజరుకి తక్కువైనవాడు ముట్టుకోరాదు. మరో పక్క ఎండీ గారి షీల్డు. విశ్వపతి గారు రెండు రోజులు తలుపేసుకుని కూర్చుని, ఉత్తర్వుతో బయటికొచ్చారు. అరుంధతి దాన్ని అందరి ముందూ చదివింది.

"శ్రీ శాంతిరాజు, జూనియర్ అసిస్టెంటు (చిరిగిన సంచులు) వారికి, పాట ఆరంభమైన క్షణము నుండి నలభై రెండు సెకన్ల కాలమునకు డిప్యూటీ మేనేజరు (ధ్వని)గా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది. సదరు కాలమున వారు వంద వాట్లకు అర్హులు. నలభై మూడవ సెకను నుండి వారు యథాప్రకారము చిరిగిన సంచులుగా కొనసాగుదురు."

ఎనిమిది వరసలకి పట్టే కాలం నలభై రెండు సెకన్లని అరుంధతి గడియారం పెట్టి కొలిచింది. ముప్ఫై ఏళ్లలో రాని ప్రమోషను రానే వచ్చింది. శాంతిరాజు కళ్లు తుడుచుకుని విశ్వపతి గారికి నమస్కారం పెట్టాడు.

"నమస్కారాలు తర్వాత. చార్జి తీసుకోవడం ఎలాగో తెలుసా?" అన్నారాయన.

చార్జి తీసుకోవాలంటే చేరిక నివేదిక మూడు ప్రతులు. ప్రతి దాని మీదా పొడుగు సంతకం. నమూనా సంతకాలు ఆరు. అప్పగింత పత్రం మీద ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు. ఇదంతా పదవీకాలం మొదలయ్యాకే జరగాలి. ముందుగా చేస్తే లేని పదవిలో సంతకం పెట్టినట్టు, తర్వాత చేస్తే అధికారం లేకుండా వాయించినట్టు.

ఆ వారం అంతా రిహార్సల్సు జరిగాయి, సంతకాలకి. విశ్వపతి గారు కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని నిలబడేవారు, అరుంధతి గడియారం చూసేది, శాంతిరాజు మెళ్లో గిటారుతో వంగి సంతకాలు చేసేవాడు. మొదటిరోజు రెండు నిమిషాలు పట్టింది. శుక్రవారానికి ముప్ఫై తొమ్మిది సెకన్లకి దిగింది. విశ్వపతి గారి మొహం వెలిగిపోయింది.

"ఇంకా మూడు సెకన్లు మిగిలాయి."

"మూడు సెకన్లలో ఏం వాయించనండీ?"

"తక్కువ చేసి మాట్లాడకండి. మూడు సెకన్లయినా వంద వాట్లతో."

పోటీ రోజు ఉదయం పదకొండున్నరకి గోనెగీతిక వంతు వచ్చింది. హాల్లో ఆరు వందల మంది ఉన్నారు. సలోమి మూడో వరసలో ఎడమ చివర కూర్చుని, కుడిచెవి వేదిక వైపు ఉండేలా మొహం గోడకి తిప్పుకుంది. చూసేవాళ్లకి ఆవిడ ఎవరి మీదో అలిగినట్టుంది. తెర వెనక విశ్వపతి గారు డ్రమ్ముల వైపు చూసి ఆగారు.

"సంచులేవి?"

"లారీలో మర్సిపోనాను బాబూ," అన్నాడు సూరప్పడు. అతను ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క సంచి ఎక్కడా మర్చిపోయిన మనిషి కాడు.

తెర లేచింది. శాంతిరాజు గిటారు వైరు పెద్ద యాంపుకి తగిలించాడు. అది బీరువా అంత ఉంది. మీట మూడు దగ్గర పెట్టాడు. సూరప్పడు కర్రలు నాలుగుసార్లు టకటకలాడించాడు. విశ్వపతి గారు అట్ట ముందుకి చాపి, పెన్ను మూత తీసి, "కానివ్వండి" అన్నారు.

శాంతిరాజు పెన్ను వైపు చూశాడు. కుడిచేతిలో తీగలు మీటే బిళ్ల ఉంది. దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని పెన్ను అందుకోవాలి, అలాగే వారం రోజులు సాధన చేశాడు. చెయ్యి పెదవుల దాకా వెళ్లింది. మూడో వరసలో గోడవైపు తిరిగిన ఆ మొహం కనిపించింది. చెయ్యి తిరిగి తీగల మీదికొచ్చేసింది.

మొదటి వరస బయటికి రాగానే ముందుగా ఉలిక్కిపడింది అతనే. అది తన వేళ్ల కింద నుంచి కాక, హాలు చివరి గోడ నుంచి వచ్చినట్టుంది. ఒక్క గరుకు లేదు. రెండో వరసలో సూరప్పడు అందుకున్నాడు, సంచుల్లేని డ్రమ్ముల మీద, మూడు పొలాల అవతలికి. అయినా గిటారు మునగలేదు. ఆ మోత మీద తీగ తేలుతూ వచ్చింది, మిల్లు గేటులోంచి గుంపు మధ్య ఒక మనిషి విడిగా నడిచొచ్చినట్టు. విశ్వపతి గారు "సంతకం, సంతకం" అంటూ అట్ట పట్టుకుని అతని పక్కనే అడుగులేశారు. అతను ఎడమకి జరిగితే ఎడమకి, కుడికి జరిగితే కుడికి. అది నృత్యమనుకుని జనం చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతల్లో ఒకరు కాగితం మీద 'రంగస్థల కదలిక: ప్రశంసనీయం' అని రాసుకున్నారు. నలభై రెండు సెకన్లు అయ్యేసరికి పెన్ను ఎండిపోయింది. విశ్వపతి గారికి పాట మొదటి చరణం గుర్తురాలేదు. రెండోది పాడారు.

పాటకి ఏమీ రాలేదు. గిటారు వరసకి మాత్రం ప్రత్యేక షీల్డు వచ్చింది. అది సాయంత్రానికల్లా ఎండీ గారి గదికి వెళ్లిపోయింది.

శాంతిరాజుకి సోమవారం మెమో వచ్చింది. మూడు ప్రతులూ ఖాళీగా ఉన్నాయి కనక అతను డిప్యూటీ మేనేజరు కాలేదు. జూనియర్ అసిస్టెంటుగానే వంద వాట్లు వాడాడు. పదిహేను పోగా ఎనభై అయిదు వాట్లు అనధికారికం. ఇది బయటికొస్తే రిటైర్మెంటు కాగితాలు ఆగిపోతాయి. అయితే ఆ ఎనభై అయిదు వాట్లకీ అంగుళం దూరంలో, అట్ట పట్టుకుని నిలబడ్డ పర్యవేక్షణాధికారి కూడా జవాబు చెప్పుకోవాలి. అందుచేత విశ్వపతి గారు దయగా మాట్లాడారు.

"ఆలోచించాను శాంతిరాజు గారూ. అర్హత లేని ఉద్యోగి నుంచి వంద వాట్ల ధ్వని రావడం నిబంధనల ప్రకారం అసాధ్యం. అసాధ్యమైంది జరగదు. కాబట్టి ఆ రోజు శబ్దమే రాలేదు. శబ్దం లేకపోతే మీ తప్పూ లేదు, నా తప్పూ లేదు."

"మరి షీల్డండీ?"

"అది ఎండీ గారి గదిలో ఉంది. ఈ ఫైల్లో లేదు."

"నేను వాయించానండి," అన్నాడు శాంతిరాజు మెల్లగా. "మీరేం రాసుకున్నా ఫరవాలేదు గానీ, నా చేత మాత్రం వాయించలేదని రాయించకండి."

"మీరు రాయక్కర్లేదు. సాక్షి చాలు. సంస్థకి సంబంధం లేని బయటి మనిషి, హాల్లో ఉన్నవారు కావాలి."

ఆయన ఏరికోరి పిలిపించిన సాక్షి సలోమి. ఆవిడకి వినికిడి తక్కువని ఆసుపత్రి ఇచ్చిన కాగితం శాంతిరాజు సర్వీసు పుస్తకంలో, కుటుంబ వివరాల దగ్గర కుట్టి ఉంది. ఇంతకంటే భద్రమైన సాక్షి జిల్లాలో దొరకదు.

విచారణ విశ్వపతి గారి గదిలోనే జరిగింది. పొడుగు బల్లకి ఒక చివర ఆయన, మధ్యలో కాగితాలతో అరుంధతి, ఎదురుగా సలోమి. తలుపు దగ్గర శాంతిరాజు, అతని వెనక చేతులు కట్టుకుని సూరప్పడు.

"అమ్మా, మీకు చెవి వినపడదు కదా?" అన్నారు విశ్వపతి గారు, గట్టిగా.

"ఎడమది నేదు బాబూ. కుడిది ఉంది."

"కుడిది కూడా అంతంతమాత్రమే అని కాగితం ఉంది."

"అవును, అంతంతమాత్రమే."

"మరి ఆ రోజు హాల్లో, పదకొండున్నర ప్రాంతాల్లో, మీకేదైనా శబ్దం వినపడిందా? తొందరేం లేదు. వినపడలేదంటే అదే రాసుకుంటాం. మీ ఆయనకి కూడా మంచిది."

సలోమి భర్త వైపు చూసింది. అతను చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. విన్నదాన్ని మాటల్లో ఎలా చెప్పాలో ఆవిడకి తోచలేదు. కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని, కూనిరాగం అందుకుంది.

గొంతు పెద్దది కాదు, అక్కడక్కడ వణికింది కూడా. కానీ మొదటి వరస పూర్తయ్యేసరికే శాంతిరాజు తలెత్తాడు. ఇంట్లో ఆవిడకి దోమలా తప్ప ఏనాడూ వినపడని వరస అది. మలుపు దగ్గర మలుపు ఉంది, ఆగవలసిన చోట ఆగింది. రెండో వరసకి సూరప్పడు తలుపు చెక్క మీద వేళ్లతో తాళం అందుకున్నాడు. సలోమి ఎక్కడా తడుముకోలేదు. ఎనిమిది వరసలూ పూర్తిచేసి, కళ్లు తెరిచి, "ఇదే బాబూ, ఇనపడింది," అంది.

శాంతిరాజు గోడవైపు తిరిగి జేబులో రుమాలు వెతుక్కుంటున్నాడు. అరుంధతి పెన్ను కాగితం మీద ఆనించి ఆగింది.

"దీన్నెలా రాయమంటారు సార్?"

విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. కిటికీలోంచి గోదాము వైపు చూశారు.

"రాయండి. సాక్షి ఏ విధమైన శబ్దమునూ విన్నట్లు..." అని ఆగి, "విన్నట్లు రుజువు కానందున..."

అరుంధతి రాయబోయి, గీత పక్కకి పోతే కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పక్కకి పోయింది. ఆవిడ బల్ల కిందికి ఒకసారి చూసి, తలెత్తి, ఎంతో మర్యాదగా అంది.

"సార్, మీరు ఆ కాలు తాళం వేయడం ఒక్క నిమిషం ఆపితే బాగుంటుంది. బల్ల ఊగుతోంది, అక్షరాలు పడటం లేదు."